వంతెన కింద ఆవులు

సైకిల్ చక్రం వంతెన చెక్కల మీదికి ఎక్కగానే దడదడమని చప్పుడవుతుంది. మొన్న ఆదివారం నేనూ మా ఆయన కిరణ్ రైల్ ట్రైల్‌లో వెళ్తూ ఆ చప్పుడు మళ్లీ విన్నాం. రైళ్లు ఆగిపోయాక పట్టాలు తీసేసి సైకిళ్లకు వదిలిన దారి అది. వాన వెలిశాక వచ్చే యూకలిప్టస్ వాసన, పొలాల మీద పల్చని మంచు, ఆ దడదడ. శారదా ఆంటీ గుర్తొచ్చింది.

ఈ పరాయి దేశంలో మేం కాపురం పెట్టిన టార్నీట్‌లో మా పక్కింటావిడ. పెళ్లయి కొత్తగా వచ్చిన రోజుల్లో కిరణ్ ఏమడిగినా నేను "బాగానే ఉంది" అనేదాన్ని. ఊరు, చలి, పగలంతా మనిషి అలికిడి లేని ఇల్లు, అన్నీ బాగానే ఉండేవి. ఆంటీ మాత్రం నా మొహం చూసి, "నీ బాగానేని నేను నమ్మనమ్మా. సండే ఇద్దరూ మాతో సైక్లింగ్‌కి రండి" అంది.

ఆ దంపతులది ఇద్దరూ కలిసి తొక్కే పొడవాటి సైకిల్. ఏటా వసంతంలో ఈ దారికి తెచ్చేవారు. ముందు అంకుల్, వెనక కబుర్లు చెబుతూ ఆంటీ. ఆ ఏటికి గ్లాకోమా అంకుల్ చూపంతా తినేసింది. ఆంటీ మొదటిసారి ముందు సీటెక్కింది. వెనక కూర్చున్న అంకుల్, "నువ్వు చూసిందల్లా చెప్పు, అదే చాలు" అన్నారు. అద్దె సైకిళ్ల మీద మేము వాళ్ల వెనకే బయల్దేరాం.

కాసేపటికి ఆంటీ హుషారుగా, "అబ్బ, దారంతా వాటిల్ పూలేనండీ, పసుపు ఆరబోసినట్టు!" అంది. నేనూ కిరణ్ మొహామొహాలు చూసుకున్నాం. పూలు ఎప్పుడో రాలిపోయి, కొమ్మలకు కాయలే వేలాడుతున్నాయి.

పాత స్టేషన్ ప్లాట్‌ఫారమ్ ఒకటి ఇంకా మిగిలి ఉంది. అక్కడ ఆపమని అంకుల్ బెంచీ మీద కూర్చున్నారు.

"పూలుంటే వాసన రాదా శారదా?"

ఆంటీ తలవంచుకుని సంచీ తెరిచింది.

"జాలిపడి లేనివి చూపించకు. అలాగైతే ఇదే లాస్ట్ రైడ్. ఇంట్లో కూర్చుంటా."

ఆయన గొంతులో కోపం లేదు. అందుకే నాకు ఎక్కువ భయం వేసింది. ఆంటీ పులిహోర డబ్బా తెరిచి ఆయన చేతికి అందించింది. తను మాత్రం ఒక్క ముద్ద తినలేకపోయింది. చివరికి "లేవండి, వెళ్దాం" అంది.

తర్వాత ఈ వంతెన వచ్చింది. అంకుల్‌ది రాజమండ్రి. రైల్లో గోదావరి దాటేటప్పుడు నాణెం వేసే అలవాటు ఇక్కడా మానలేదు. చెక్కల చప్పుడు వినగానే జేబులోంచి తీసి కిందికి విసిరారు. నలుగురం చెవులు రిక్కించాం. నీటి చప్పుడు రాలేదు.

"నీళ్లున్నాయా?"

ఉన్నాయని చెప్పేస్తే బాగుండునని మనసులో మొక్కుకున్నాను.

"లేవండీ," అంది ఆంటీ. "చుక్క లేదు. అంతా గడ్డి. నల్లావులు మేస్తున్నాయి. మీరు వేసింది దగ్గర్లో పడిందేమో, ఒకటి తలెత్తి మనకేసి గుర్రుగా చూస్తోంది."

అంకుల్ పగలబడి నవ్వారు. సైకిల్ ఊగిపోయింది. "బ్యాలెన్సండీ, బ్యాలెన్స్!" అని ఆంటీ కేకలు.

"వచ్చే ఏడు వాటికి క్యారెట్లు పట్టుకొద్దాంలే," అన్నారాయన.

ఆ తర్వాత ఆంటీ నోటికి అడ్డు లేదు. కాలిన కంచె, చచ్చిన కాకి, కొండ మీద ఒరిగి నిద్రపోతున్న మబ్బు, దేన్నీ వదల్లేదు. వింటూ తొక్కుతుంటే కళ్లెదుట దారి కంటే ఆవిడ మాటల్లో దారే నాకు నిజంగా కనిపించింది. మెత్తటి ఎండలో ఆ గొంతు వెంట ఎంత దూరం వెళ్లామో తెలియలేదు. ఆ సాయంత్రం ఇంటికొచ్చాక కిరణ్ పక్కన కూర్చుని, నాకు ఇక్కడ ఏమీ బాగాలేదని మొదటిసారి చెప్పాను. చాలాసేపు ఏడ్చాను కూడా.

అంకుల్, ఆంటీ ఇప్పుడు లేరు. మొన్న వంతెన మీద నేనే నాణెం వేశాను. ముందు వెళ్తున్న కిరణ్ తల తిప్పకుండానే, "ఎలా ఉంది?" అన్నాడు. బాగానే అనబోయి ఆగాను. తొంగి చూశాను.

"ఈసారి నీళ్లున్నాయి, బురద నీళ్లు. ఆవులు గట్టు మీదున్నాయి," అన్నాను. "ఆంటీ లేకుండా అస్సలు బాగాలేదు కిరణ్."

కిరణ్ సైకిల్ ఆపాడు.