మునుపటి వస్తువే

మా పిన్నికి మొహమాటం లేదు. తాకట్టు కొట్లో గుమాస్తాగా పందొమ్మిదేళ్లు నెగ్గుకొచ్చిందంటే సగం కారణం అదే. మిగతా సగం ఆవిడ రాసే పుస్తకం.

లైసెన్సున్న తాకట్టు కొట్టుకి రూల్సు చాలానే ఉంటాయి. వస్తువు తెచ్చిన మనిషి ఎదురుగా ఉండగానే దాని వివరం పుస్తకంలోకి ఎక్కాలి. తప్పు రాస్తే ఒక్క గీతతో కొట్టేసి పక్కన సంతకం పెట్టాలి కానీ దిద్దకూడదు, పేజీ చింపకూడదు. ప్రతి సోమవారం ఒక నకలు పోలీస్ స్టేషన్‌కి పోవాలి. ఆ నకళ్లు తీసేది పక్కనే ఉన్న నా జిరాక్స్ షాపులో. కాబట్టి మా పిన్ని రాతలు నాకు కంఠతా వచ్చు. వేరే కొట్లవాళ్లు ‘గొలుసు ఒకటి’ అని రాసి ఊరుకుంటారు. ఈవిడ ‘గొలుసు ఒకటి, కొక్కెం ఎడమకు వంగింది, నడుమ అతుకు కనబడుతోంది’ అని రాస్తుంది. ఇంట్లోనూ ఇదే వరస. పక్కింటివాళ్లకి గొడుగిస్తే దాని పుల్లలెన్ని వంగాయో లెక్కపెట్టి మరీ ఇస్తుంది. “పెళ్లిచూపుల్లో నన్ను చూసి ఏం రాసుకుందో అడగాలంటే ఇప్పటికీ భయమే” అంటాడు మా బాబాయి.

అంతటి మనిషీ ఒకచోట బోల్తా పడింది.

బ్యాండులో క్లారినెట్ వాయించే ఒకాయన ఉన్నాడు. అందరూ మాస్టారంటారు. పెళ్లిళ్ల సీజన్ అయిపోగానే క్లారినెట్ తెచ్చి తాకట్టు పెడతాడు, మళ్లీ సీజన్ వచ్చే ముందు విడిపించుకుంటాడు. మొదటిసారి వచ్చినప్పుడు పిన్ని దాన్ని ఆసాంతం తిప్పి చూసి అరపేజీ రాసింది. మరుసటేడు పెట్టె మూత తీసి ఒకసారి చూసి, ‘మునుపటి వస్తువే’ అని రాసి, పక్కన పాత పద్దు నంబరు వేసింది. ఆ తర్వాత మూత తీయడం కూడా మానేసింది. కొత్తవాళ్ల దగ్గర ఈ పొరపాటు జరగదు, బాగా తెలిసినవాళ్ల దగ్గరే జరుగుతుంది. అలా వరసగా అయిదేళ్లు.

ఈ ఏడు సీజన్ శుక్రవారం మొదలు. బుధవారం పొద్దున్నే మాస్టారు రశీదు పట్టుకుని కౌంటరు దగ్గరికి వచ్చాడు. అప్పుడే నేను తీసిన నకళ్లు ఇవ్వడానికి వెళ్లాను. మా వెనకే ఎస్సై, ఆయన వెంట ఇంకో బ్యాండు మనిషి లోపలికి వచ్చారు. ఆ రెండో ఆయన క్లారినెట్ మూడు నెలల కిందట ఇంట్లోంచి పోయిందట. అదే కంపెనీ, అలాంటి నల్లపెట్టే. స్టేషన్‌లో నకళ్లు తిరగేస్తే, ఆ తర్వాత తాకట్టుకి వచ్చిన క్లారినెట్ ఇదొక్కటే, దానికి వివరం లేదు. వివరమే రాసి ఉంటే వాళ్లు కొట్టు గడప తొక్కేవారు కాదు.

పెట్టె తెరిచారు. క్లారినెట్ మీద కంపెనీ నంబరు ఉండాల్సిన చోట నున్నగా ఉంది.

“దొంగ సరుక్కే నంబర్లు గీకేస్తారు,” అన్నాడు ఎస్సై.

క్లారినెట్ పోయినాయన అబద్ధాలకోరేం కాదు. అటూ ఇటూ తిప్పి చూసి, “నాదిలాగే ఉందండీ,” అన్నాడు. “శుక్రవారం నేను లేకపోతే నా చోట్లో ఇంకొకణ్ణి పెట్టేసుకుంటారండీ,” అని మాస్టారు పిన్ని వైపు తిరిగాడు. “అమ్మా, ఇది నాదేనని మీకు తెలుసుగా. ఒక్క మాట చెప్పండి.”

ఈలోగా కొట్టు యజమాని పిన్ని చెవి దగ్గరికి వంగాడు. “ఆ పద్దు కింద కాస్త ఖాళీ ఉంది కదమ్మా. రెండు ముక్కలు ఇరికించెయ్.”

“దీని నకలు స్టేషన్‌లో ఉంది సార్. ఇప్పుడు ఇరికిస్తే మనిద్దరం కలిసే జైలుకెళ్తాం,” అంది పిన్ని, అందరికీ వినబడేలా. తర్వాత మాస్టారితో, “నాకు తెలుసు. కానీ నాకు తెలిస్తే చాలదు మాస్టారూ,” అంది. చివరికి ఎస్సైతో, “వివరం రాయకపోవడం నా తప్పే. పది నిమిషాలు కూర్చోండి, ఇది ఎవరిదో పుస్తకంలోనే చూపిస్తాను,” అంది.

ఈ ఏటి పద్దు పట్టుకుని నిరుటి పద్దుకి, అక్కణ్ణుంచి ముందటేటి పద్దుకి వెళ్లింది. అయిదు పుస్తకాల్లోనూ ‘మునుపటి వస్తువే’. ఎస్సై వాచీ చూసుకున్నాడు. పుస్తకాలు అయిదేళ్లు దాచాలన్నది రూలు. అసలు వివరం ఉన్న ఆరోది ఆ గడువు దాటిపోయింది. పాతవి తూకానికి వేసేద్దామని యజమాని ఏటా నసపెడతాడు, పిన్ని ఏటా వినబడనట్టే ఉంటుంది. స్టూలెక్కి అటక మీంచి ఆ పుస్తకం దించి, దుమ్ము దులిపి, పైకి చదివింది.

“క్లారినెట్ ఒకటి, నలుపు. నంబరు వేళ్ల ఒరిపిడికి అరిగింది, గీకినది కాదు. కింది నుంచి రెండో మీట మార్చినది, మిగతావాటికన్నా తెల్లగా ఉంది. కింది గరాటు అంచున బియ్యపుగింజంత పెచ్చు ఊడింది. పెట్టెలో గుడ్డ ఎడమ మూల ఎర్రదారంతో కుట్టినది.”

ఆవిడ ఒక్కొక్కటీ చదువుతుంటే ఎస్సై వేలితో తడిమి చూసుకున్నాడు. అన్నీ ఉన్నాయి. “మీది ఎప్పుడు కొన్నారు?” అని రెండో ఆయన్ని అడిగాడు. “రెండేళ్లయిందండీ,” అని ఆయన మాస్టారికి దండం పెట్టాడు.

“వివరం లేనందుకు రిమార్కు రాయక తప్పదు. కొట్టు మీద రాయనా, గుమాస్తా మీదా?” అన్నాడు ఎస్సై. యజమాని గోడకేసి చూశాడు. “నా మీదే రాయండి,” అంది పిన్ని. పందొమ్మిదేళ్లలో ఆవిడ పుస్తకంలో పడ్డ మొదటి ఎర్రసిరా అది.

వాళ్లు వెళ్లాక మాస్టారు సంతోషపడతాడనుకున్నాను. పడలేదు. పెట్టె ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూర్చుండిపోయాడు. “బయటపడ్డాను, సరే. కానీ వీధివీధంతా చూస్తుంటే అంతసేపూ దొంగలా నిలబడ్డాను కదమ్మా. ఈసారి మీరు మూత తీసి చూసి ఉంటే...”

పిన్ని సాకులు వెతకలేదు. “అవును మాస్టారూ. మనవాళ్లే కదా అని బద్ధకించాను. క్షమించండి,” అంది. ఆవిడ నోట ఆ మాట నేను వినడం అదే మొదలు. నాకు బాధేసింది, గర్వమూ వేసింది.

తర్వాత పుస్తకం ముందుకు లాక్కుని, వెనక నిలబడ్డవాళ్లు సణుగుతున్నా పట్టించుకోకుండా, క్లారినెట్ గుర్తులన్నీ మళ్లీ చూసి విడుదల పద్దు రాసింది. ఆ పుస్తకంలో వస్తువుని వర్ణించడానికి గళ్లున్నాయి, మనిషి ఎలాంటివాడో రాయడానికి లేదు. పిన్ని రిమార్కుల గడిలో, ఎర్రసిరా కింద, తన నీలం సిరాతో ‘ఈ వస్తువు తెచ్చినాయన నిజాయితీపరుడు. పొరపాటు నాది’ అని రాసి, సంతకం చేసి తేదీ వేసింది. మాస్టారు దాన్ని రెండుసార్లు చదువుకున్నాడు. కళ్లు తుడుచుకుని, దాని పక్కన సంతకం పెట్టాడు.

పిన్ని పుస్తకం నా చేతిలో పెట్టింది. “ఈ పేజీ రెండు కాపీలు తియ్యి. ఒకటి స్టేషన్‌కి, ఒకటి మాస్టారికి. మాస్టారిది ముందు తియ్యి.”