ఒక సైజు పెద్ద తుపాకీ

తుపాకుల షాపులో ఎవరి మాటా నమ్మకూడదని గుమ్మం ఎక్కకముందే నిర్ణయించుకున్నాను. నాది అనుమానం జబ్బు. టమాటాలు కొన్నా పై వరస తీసి కిందివి చూస్తాను. ల్యాబ్‌లో నా చేత్తో చేసిన ప్రయోగం మొదటిసారే సరిగ్గా వచ్చిందంటే, ఎక్కడో తప్పు చేశాననుకుని మళ్లీ చేస్తాను. అలాంటిదాన్ని, వేటకి రైఫిల్ కొనడానికి వెళ్లాను.

ఈ వేట పిచ్చి నాకు అంటించింది ఇక్కడ మేముండే బాతెల్‌లో మా ల్యాబ్‌లో పక్క బెంచీ ఆవిడ. వాళ్ల నాన్నకి కొండలు దాటాక తూర్పువైపు పశువుల రాంచ్ ఉంది. మాంసం తింటూ చంపే పని మాత్రం ఇంకొకరికి వదిలెయ్యడం నాకెప్పుడూ మనసొప్పలేదు కాబట్టి, ఒక ఏడాది ఊరికే చూద్దామని ఆవిడ వెంట వెళ్లాను. ఎవరో సరిగ్గా కొట్టక వదిలేసిన జింక ఒకటి వెనక కాలు ఈడ్చుకుంటూ వాగువైపు పోతోంది. వెతికి వెతికి దాని బాధ తీర్చేసరికి పొద్దు వాలింది. ఆ జింక చాలా రోజులు నా కళ్లలోనే ఉండిపోయింది. మరుసటేడు నన్నూ వేటాడమని ఆవిడ పిలిచినప్పుడు నాకు నేనే ఒక షరతు పెట్టుకున్నాను. వంద గజాల దూరంలో పేపర్ ప్లేటుని ప్రతిసారీ కొట్టగలిగితేనే జంతువు మీద కాలుస్తాను, లేకపోతే లేదు.

షాపులో కౌంటర్ వెనక ఉన్న పెద్దాయన్ని ఒకటే అడిగాను. జింకకీ, గుర్రమంత ఉండే ఎల్క్‌కీ, నక్కలాంటి కయోటీకీ, అన్నిటికీ పనికొచ్చే క్యాలిబర్, అంటే తూటా సైజు, ఒక్కటి చెప్పండి, ఇంట్లో రెండో తుపాకీ పెట్టుకోను అన్నాను. ఆయన నన్నోసారి ఎగాదిగా చూసి, సెవెన్ ఎమ్మెమ్ ఓ ఎయిట్ అని ఒక మాదిరి తూటా కాల్చే రైఫిల్ బల్లమీద పెట్టాడు. జింకకి ఇది బ్రహ్మాండమనీ, కాస్త దగ్గరికి వెళ్లే ఓపికుంటే ఎల్క్‌కీ చాలుననీ, తనూ ఇదే వాడతాననీ చెప్పాడు. చీరల కొట్లో "మా ఇంట్లో ఆడవాళ్లకీ ఇదే తీశామమ్మా" అనడం నేను వినందా? అమ్ముడుపోని సరుకేమో అనుకున్నాను. పొట్టిగా ఉన్న ఇండియన్ ఆడమనిషికి ఇంతకంటే ఎందుకులే అనుకున్నాడేమో అని కూడా తోచింది. ఆ రెండోదానికి నాకు ఒళ్లు మండింది.

పైగా మా ఇళ్లలో ఏది కొన్నా ఒక సైజు పెద్దదే కొంటారు. ముందు దూది కూరిన బూట్లతో, అంచు మడిచి కుట్టిన గౌన్లతో బడికి వెళ్లినదాన్ని నేను. ఈ దేశం వచ్చాక కూడా ఇద్దరి వంటకి ఊరంతటికీ సరిపోయే కుక్కరు కొన్నాను. పెద్దది ఉంటే చిన్నదాని పనీ చేస్తుంది కదా అని, షాపు పెద్దాయన వద్దంటున్నా వినకుండా త్రీ హండ్రెడ్ మ్యాగ్నమ్ అని ఇంకా పెద్ద తూటా కాల్చే రైఫిల్ తెచ్చుకున్నాను. మా ఆయనది కరీంనగర్. తూటా ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"బాతెల్‌ల ఏనుగులు తిరుగుతున్నయని నాకెవ్వరు చెప్పలే," అన్నాడు.

గురి నేర్చుకునే రేంజ్‌కి వెళ్లి కాలిస్తే ప్లేటు చెక్కు చెదరలేదు. మొదట రైఫిల్ మీద గురి చూసే అద్దాన్ని, అదే స్కోప్‌ని అనుమానించాను. మరలు బిగించాను. తర్వాత తూటాల్ని అనుమానించి వేరే కంపెనీవి తెచ్చాను. చివరికి, మాట వినలేదన్న కోపంతో ఆ పెద్దాయన పాడైన రైఫిల్ అంటగట్టాడని తేల్చాను. పక్కనే నిలబడి అన్నీ చూస్తున్న మా బెంచీ ఆవిడ, ఈసారి తను లోడ్ చేస్తాననీ, నన్ను కాల్చడం ఒక్కటే చెయ్యమనీ అంది. అటు తిరిగి లోడ్ చేసి ఇచ్చింది. గురి చూసి ట్రిగ్గర్ నొక్కాను. టిక్కుమని చప్పుడు తప్ప ఏమీ పేలలేదు. కానీ తుపాకీ మొన నేలవైపు వాలిపోయింది, నా భుజం ముందుకు దూకింది, కళ్లు గట్టిగా మూసుకుని ఉన్నాయి. ఆవిడ పెట్టింది డమ్మీ, మందు లేని ఉత్తుత్తి తూటా. పేలినప్పుడు తుపాకీ భుజాన్ని తన్నే దెబ్బకి భయపడి ప్రతిసారీ ముందే కళ్లు మూసుకుంటున్నానని అప్పుడు తెలిసింది. సిగ్గేసింది. ఇంత మోసమా అని ఆవిడ మీద విరుచుకుపడ్డాను.

"ఒకసారి జింక రావచ్చు, ఒకసారి ఎల్క్ రావచ్చు. ప్రతిసారీ కాల్చేది నువ్వే కదా. నీకు సరిపోయేది కొనుక్కో," అంది ఆవిడ.

మ్యాగ్నమ్ తిరిగిచ్చేసి, ఆ పెద్దాయన మొదట చూపించిన రైఫిలే తీసుకున్నాను. ఆయన నవ్వుతాడని కాచుకుని కూర్చున్నాను గానీ నవ్వలేదు. ఇది భుజాన్ని అంతగా తన్నేది కాదు. కానీ కళ్లకి పడ్డ అలవాటు పోవద్దూ? ఆవిడ అసలు తూటాల్లో డమ్మీలు కలిపి లోడ్ చేసేది. ఏది పేలుతుందో తెలియక నా కళ్లు తెరుచుకునే ఉండేవి, ప్లేటుకి చిల్లులు పడేవి. నేనే లోడ్ చేసుకుంటే మాత్రం, పేలుతుందని తెలుసు కాబట్టి, మళ్లీ మూతలు పడేవి. వేట సీజన్ వచ్చేనాటికీ అంతే. రాంచ్‌కి బయల్దేరాను గానీ, ట్రిగ్గర్ ముట్టుకోనని మనసులో అనుకున్నాను.

ఆ ఉదయం మంచు పట్టిన గడ్డిలో కూర్చున్నాక ఆవిడ నా చేతిలోంచి రైఫిల్ తీసుకుని, అటు తిరిగి లోడ్ చేసి ఇచ్చింది. కాసేపటికి వాగు దాటి ఒక మగ జింక వచ్చి పక్కకి తిరిగి నిలబడింది. పేపర్ ప్లేటు కంటే దగ్గరగా ఉంది. స్కోప్‌లో దాని ఊపిరి పొగలా కనిపిస్తోంది. అప్పుడు నాకు గట్టి అనుమానం వచ్చింది. ఈవిడ ఇవాళ కూడా డమ్మీ పెట్టిందా? పెట్టినా పెడుతుంది, నా సంగతి ఈవిడకి తెలియదా? ఆ అనుమానంతోనే ముందుకాలి వెనక, గుండె ఉండే చోటుకి గురిపెట్టి, కళ్లు తెరుచుకుని, మెల్లగా నొక్కాను.

పేలింది. జింక ఒక్క అడుగు వేసి ఉన్నచోటే కూలింది. కుంటలేదు, కాలు ఈడ్చుకోలేదు. నేను ఏడ్చేశాను.

ఏడుపు ఆగాక డమ్మీలు కలిపావా అని ఆవిడని అడిగాను.

"వేటలో ఎవరైనా డమ్మీలు పెడతారా?" అంది.

మిగిలిన తూటాలు చూపించమన్నాను. రైఫిల్‌లోంచి తీసి జేబులో వేసుకుంది గానీ చూపించలేదు. ఇప్పటికీ ప్రతి సీజన్‌కీ నా రైఫిల్ ఆవిడే లోడ్ చేస్తుంది, నేను అటు తిరిగి కూర్చుంటాను.