వంకర హ్యాండిలు

ఆ సైకిల్ని ఒక దొర లండన్ నుంచి ఓడలో తెప్పించుకున్నాడని, ఆదోనిలో పత్తి బేరాలకు దాని మీదే తిరిగేవాడని నేను చాలామందికి చెప్పాను. పోతూ పోతూ మా మామ నేసిన దుప్పటి చూసి ముచ్చటపడి, దానికి బదులు సైకిలిచ్చి పోయాడని కూడా చెప్పాను. వినేవాళ్ళు తలలూపేకొద్దీ ఆ దొరకు మీసాలు, టోపీ, చివరికొక కుక్క కూడా వచ్చి చేరాయి. దొరా లేడు, ఓడా లేదు. ఎమ్మిగనూరులో బడి మాని ఇంట కూర్చున్న ఒక పంతులు దగ్గర మామ దాన్ని కొన్నాడు. పాతదన్న మాట మాత్రం నిజం. నల్లటి పెద్ద బండి, కడ్డీ బ్రేకులు, తోలు సీటు.

మామ అంటే నా భార్య తండ్రి. ఎమ్మిగనూరులోనే మగ్గం నేసేవాడు. చిన్నప్పుడు ఎడమ మణికట్టు విరిగితే కట్టు కుదరక ఆ చెయ్యి వంకరగా అతుక్కుంది. అరచెయ్యి కిందికి తిరగదు. అయినా మగ్గం ఆగలేదు, తిరుగుడూ ఆగలేదు. నేసిన తువ్వాళ్ళు, దుప్పట్లు మూటగట్టి క్యారియర్‌కు బిగించుకుని కోసిగి వైపు పల్లెలకు, సంతలకు ఒక్కడే పోయి అమ్ముకుని వచ్చేవాడు.

డెబ్బైల చివర్లో ముందు చక్రం ఫోర్కు విరిగి ఆ బండి మగ్గం పక్కన మూలకు చేరింది. అప్పటినుంచి సంతకు పోవాలంటే బస్సే. మూట పైకెక్కించడానికి ఒకరిని బతిమాలాలి, దించడానికి ఇంకొకరిని. మూట చూసి మొహం మాడ్చే కండక్టరు సరేసరి. మామకు బతిమాలడం చేతకాదు. ఎవరూ సాయం పట్టకపోతే ఎక్కకుండానే ఇంటికి తిరిగొచ్చిన రోజులున్నాయి. "బండి బాగైతే సాలప్పా. నా పాటికి నేను పోతా, నా పాటికి నేనొస్తా," అనేవాడు.

నేను ఆదోనిలో ఒక జిన్నింగు మిల్లులో తూకాల గుమాస్తాను. నోరు ఊరుకోదు కదా. దసరాకు నీ బండి నీ వాకిట్లో ఉంటుంది మామా అని మాట ఇచ్చేసి, దాన్ని బస్సు మీద వేసుకుని ఆదోనికి తెచ్చుకున్నాను.

మొత్తం బండిని ఒంటిచేత్తో బాగు చేశానని కూడా చెప్పుకున్నాను. విప్పింది నేనే, అబద్ధం లేదు. మిల్లు నుంచి తెచ్చిన పనికిరాని దూదిని కిరసనాయిల్లో ముంచి, తుప్పు పట్టిన ప్రతి నట్టునూ తుడిచాను. బేరింగు గోళీలు మంచం కిందికి దొర్లిపోతే నా భార్య ఇల్లు ఊడుస్తూ ఏరిపెట్టేది. తిరిగి బిగించడం దగ్గరే నా విద్య అయిపోయింది. అన్నీ ఒక బస్తాలో పోసుకుని, మా వీధి చివర సైకిలు షాపు పెట్టుకున్న భాయ్ దగ్గర కుమ్మరించాను. ఫోర్కు మార్చింది, చక్రాల బెండు తీసింది, రంగు కొట్టింది అన్నీ ఆయనే. నేను పక్కన స్టూలు మీద కూర్చుని సలహాలు చెప్పాను.

హ్యాండిలు దగ్గరికి వచ్చేసరికి ఇద్దరం ఆగాం. ఎడమ పక్క అది పైకి లేచి లోపలికి తిరిగి ఉంది. ఆ పక్క బ్రేకు కడ్డీ కూడా లేదు. భాయ్ దాన్ని వెలుతురులో పెట్టి చూసి, "యాడనో గుద్దుకోని వంగిందన్నా. సాపు జేస్తే ఇరుగుతాది. కొత్తది ఎయ్, పెండ్లికొడుకు మాదిరి ఉంటాది," అన్నాడు. వేయమన్నాను. ఎడమ బ్రేకు కూడా పెట్టించాను. పాతది పాత ఇనుము గంపలో పడింది.

ఆయుధ పూజ నాడు ఎదురుగాలిలో ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు ఊపిరి తిప్పుకోకుండా తొక్కానని నా మనవళ్ళకు చెప్పాను. ఊరి బయట దాకా బండి బస్సు టాపు మీదే వచ్చింది. అక్కడ దిగి, చెమట పట్టినట్టుండాలని చొక్కా మీద సీసాలో నీళ్ళు చల్లుకుని, మిగిలిన కొంచెం దూరం జోరుగా తొక్కాను. మామ బండి చుట్టూ తిరిగి చూశాడు. ముఖం విప్పారింది కానీ నన్ను వదల్లేదు. "టైరుకు ఇంత మన్ను గూడా అంటలేదే అల్లుడా. గాల్లో వచ్చినావా?" అన్నాడు. ఇంటిల్లిపాదీ నవ్వారు.

మగ్గానికి, పోగు నడిపే నాడెకు, కత్తెరకు పెట్టినట్టే సైకిలుకూ పసుపు, కుంకుమ పెట్టారు. హ్యాండిలుకు బంతిపూల దండ వేశారు. ముందు చక్రం కింద నిమ్మకాయ పెట్టారు. దాన్ని తొక్కించి వీధి చివరి దాకా పోయి రావడం మామ పని. ఆయన పంచె ఎగగట్టి, ఎడమ కాలు పెడలు మీద పెట్టి, కుడి కాలితో నేలను తన్నాడు. బండి కదలబోయి పక్కకు తిరిగింది. ఎడమ చెయ్యి పిడి మీద నిలవలేదు. మళ్ళీ ప్రయత్నించాడు, మళ్ళీ జారింది. నిమ్మకాయ చక్రం కింద నుంచి తప్పుకుని, నలగకుండా వాకిట్లో దొర్లింది.

మామ కాలు దించి, ఎడమ పిడిని కాసేపు చూశాడు.

"పాత హ్యాండిలు యాడ పెట్టినావప్పా?"

"పాత ఇనుముకు ఇచ్చేసినా మామా. వంగిపోయింది గదా."

"అది వంగింది గాదు. నేనే కొలిమి కాడ వంచిచ్చినా. ఈ చేతికి," అని వంకర చెయ్యి చూపించాడు. లోపలికి పోయి భోజనానికి ఆకులు వేయమన్నాడు.

ఆ చెయ్యి వంకరని నాకు తెలుసు. హ్యాండిలు వంకరనీ తెలుసు. తువ్వాలు ముడి బిగించేటప్పుడు, అన్నం ముందు చెంబు ఎత్తేటప్పుడు ఆ చేతిని ఎన్నోసార్లు చూశాను. ఒక వంకర కోసమే రెండోది ఉందన్న సంగతి మాత్రం బుర్రకు తట్టలేదు.

మరుసటి రోజే ఆదోనికి పరుగెత్తాను. భాయ్ గంప ఖాళీ అయిపోయింది. ఇనుము బండి వాడు తీసుకుపోయాడు. కొత్త హ్యాండిలును కొలిమిలో వంచబోతే పగిలింది. ఇంకొకటి కొని వంచి పట్టుకుపోయాను. మామ దాన్ని పట్టుకుని, ఇంకొంచెం పైకి ఉండాలన్నాడు, కాదు లోపలికి అన్నాడు. పాతదాన్ని ఆయన ఒక్కసారిగా వంచించుకోలేదు. తొక్కుతూ, నొప్పి చూసుకుంటూ, మళ్ళీ మళ్ళీ కొలిమికి పోయి సరిచేసుకున్నాడట. ఆ కొలిమి ఆయన ఎప్పుడో పోయాడు. "ఇంక సాల్లేప్పా. నువ్వే తొక్కుకో," అన్నాడు మామ.

మామే ఇచ్చేశాడని అందరికీ చెప్పాను. ఇచ్చింది నిజమే. కానీ మూడోది వంచి తెస్తానని నేను పట్టుబట్టి ఉంటే వద్దనేవాడు కాదు. నేను పట్టుబట్టలేదు. అప్పటికే ఆ బండి మీద మిల్లుకు పోతుంటే మార్కెట్టు దగ్గర జనం తలలు తిప్పి చూడటం నాకు రుచి పట్టింది. ఎనభైల పొడుగునా నేనే తొక్కాను. దొర కథ పుట్టింది కూడా అప్పుడే. ఇంత మంచి బండి నీకెక్కడిదని అడిగిన ప్రతివాడికీ మామ చెయ్యి సంగతి చెప్పడం కంటే దొరను తేవడం సులువైంది.

ఎమ్మిగనూరు పోయేటప్పుడు సైకిలును బస్సు మీద వేసుకుని తీసుకుపోయేవాణ్ణి. మూట ఒళ్ళో పెట్టుకుని మామ వెనక క్యారియర్ మీద కూర్చునేవాడు. వంకర చెయ్యి నా నడుముకు తగిలించి పట్టుకునేవాడు. సంత దగ్గర దించితే గిరాకీలతో బేరాలాడుతూ పాత మనిషైపోయేవాడు. నేను రాని వారాల్లో ఆయన మూట ఇంట్లోనే ఉండేదని నా భార్య చెప్పింది.

తిరిగొచ్చి నేను బస్సుకు బయలుదేరేటప్పుడు, "మళ్లా ఎప్పుడొస్తావప్పా?" అని అడిగేవాడు.

వచ్చే వారమే మామా అనేవాణ్ణి. నెల దాటిపోయేది.