అబద్ధాలాడే టెంకాయ

నేను పిల్లల కోసం బొమ్మల కథలు రాస్తాను. బొమ్మలూ నేనే వేస్తాను. బుక్కరాయసముద్రం దగ్గర ఒక బడిలో మూడో తరగతి టీచర్ని కాబట్టి నాకు పాఠకుల కొరత లేదు. ఏ కథనైనా ముందు చార్టుల మీద గీసి, శనివారం ఆఖరి పీరియడులో చదివి వినిపిస్తాను. పిల్లలు నవ్వని పేజీని అక్కడే చింపేస్తాను. బతిమాలి నవ్వించడం నా వల్ల కాదు.

కిందటేడు రాసిన కథలో ఒక మీసాల తాత, ఒక టెంకాయ ఉన్నారు. తాత బోరు పాయింట్లు పెట్టే మనిషి. టెంకాయను అరచేతిలో పడుకోబెట్టుకుని చేనంతా నడుస్తాడు. కింద నీళ్లున్న చోట అది దానంతటదే లేచి నిలబడాలి. మా వైపు ఇప్పటికీ బోరు వేసే ముందు చాలామంది ఇలా చూపించుకుంటారు. నా కథలో టెంకాయకు నోరుంది, పైగా వట్టి అబద్ధాలకోరు. నీళ్లు లేని చోటల్లా లేచి నిలబడి పిలక ఎగరేస్తుంది. దాన్ని నమ్మి బోరు వేస్తే, ఆ రాడ్డు పాతాళంలో కప్పల రాజు పడకగదిలోకి దిగి ఆయన దిండులో గుచ్చుకుంటుంది. "మా ఇంటికి చిల్లులు పెట్టేదెవర్రా!" అని రాజు ఇద్దరినీ కిందికి లాగించి విచారణ పెడతాడు. అప్పటికే ఆ రాజ్యంలో చిల్లు లేని ఇంటికప్పు లేదు. పైనుంచి దుమ్ము రాలుతుంటే కప్పలు గొడుగులు వేసుకుని అన్నం తింటుంటాయి. ఆ బొమ్మకు మా పిల్లలు బెంచీలు గుద్ది మరీ నవ్వారు.

చిక్కంతా తాతతోనే వచ్చింది. ఆ మీసాలు మా నాయనవి. నాయన చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ పాయింట్లు పెట్టినవాడు. కొన్నిచోట్ల నీళ్లు పడ్డాయి, కొన్నిచోట్ల పడలేదు. చివరిగా పెట్టింది మా సొంత చేలో. దుమ్ము తప్ప చుక్క నీరు రాలేదు. ఆ తర్వాత నాయన మళ్లీ టెంకాయ పట్టలేదు. "ఏమప్పా, నీ టెంకాయ చట్నీకైనా పనికొస్తాదా?" అని టీ అంగడిలో ఎవరో అంటే, అటువైపు పోవడమే మానేశాడు.

అందుకే కథలో తప్పంతా టెంకాయ మీదికి తోశాను. తాత అమాయకుడు, టెంకాయ దొంగది. అయినా నాకు భయంగానే ఉంది. నవ్వేవాళ్లలో కూతురు కూడా చేరిందని నాయన అనుకుంటే ఆ పుస్తకం నాకెందుకు? ఆయన చూడకుండా అచ్చుకు పంపకూడదనుకుని, ఒక ఆదివారం చార్టులన్నీ చుట్టుకుని ఊరికి వెళ్లాను.

నాయన అరుగు మీద కూర్చుని, కళ్లద్దాలు పెట్టుకుని, ఒక్కో చార్టూ తిప్పాడు. నవ్వలేదు. ముందుగా తప్పు పట్టాడు.

"ఏమ్మా, టెంకాయను ఇట్ల పట్టుకుంటారా ఎవురన్నా? పిలక వేళ్ల తట్టు ఉండల్ల."

సరేనని పెన్సిలు తీసి దిద్దాను. తర్వాత టెంకాయ అబద్ధం చెప్పే పేజీ వచ్చింది. ఆ బొమ్మ మీద వేలు పెట్టాడు.

"టెంకాయ అబద్ధం చెప్పలేదుమ్మా."

"కథే కదా నాయనా."

"కథైతేనేమి? మన చేన్లో అది లేయనే లేదు. నేనే లేపినా." బొటనవేలు చూపించాడు. "బోరు బండి వచ్చి నిలబడుండాది. మీ అమ్మ కర్పూరం ముట్టించింది. ఊరోళ్లంతా చూస్తాండారు. మూడు సుట్లు తిరిగినా. అందరి చేన్లలో నీళ్లు చూపిచ్చి, మన చేన్లో లేవని యా నోటితో చెప్పేది? బొటనేలితో రొంత ఎత్తినా."

నాకు ఒళ్లు మండింది. ఆ బోరు దెబ్బకే సగం చేను అమ్ముకున్నాం. గట్టిగా అడగబోయి ఆయన వైపు చూశాను. ఆయన బొటనవేలు ఇంకా అలాగే పైకి లేచి ఉంది. కోపం పోయి ఏడుపొచ్చింది.

"మార్చి రాయమ్మా," అన్నాడు. "అందరూ దాన్ని చూసి నగుతాండారు. పాపం, దాని తప్పేముండాది?"

మార్చాను. కప్పల సభలో ఇప్పుడు టెంకాయ నోరు విప్పదు. తాతే లేచి, దాన్ని లేపింది తానేనని చెబుతాడు. ఆ పేజీలో అరచెయ్యి, టెంకాయ, దాని కింద ఇంత లావు బొటనవేలు, అంతే. శనివారం ఆ చార్టు గోడకు ఆనించాను. బొటనవేలు దొరికిపోయిందని పిల్లలు పగలబడి నవ్వుతారనుకున్నాను. ఒక్కరూ నవ్వలేదు. ముందు బెంచీలో అమ్మాయి లేచి, "ఇంగ తాతకు నీళ్లు పడవా టీచర్?" అని అడిగింది. నా పద్ధతి ప్రకారం ఆ పేజీ చింపాలి. చెయ్యి రాలేదు.

మరుసటి రోజు దాన్ని మళ్లీ ఊరికి తీసుకెళ్లాను.

"నగినారా?" అన్నాడు నాయన.

"ఈ పేజీకి నగలేదు నాయనా."

"ఒగరు గూడా?"

"ఒక్కరు కూడా."

నాయన చార్టు నా చేతిలోంచి తీసుకుని, మడత పడకుండా చుట్టి, చంకలో పెట్టుకున్నాడు. చెప్పులు వేసుకున్నాడు.

"యాడికి నాయనా?"

"టీ అంగడికి. వాళ్లకు గూడా చూపిచ్చి వస్తా."