కాక నోట్ల నిమ్మకాయ

శుక్రవారం పొద్దుగాల సౌదీల, జుబైల్ క్యాంపుల బట్టలు పిండుకుంటున్న. కాక పోయిండని ఊరికెల్లి ఫోనొచ్చింది. సొంత కాక కాదు. మా ఊరాయన, మా రూముల అందరికన్న పెద్దోడు, పైపులు బిగించే పని నాకు నేర్పినాయన. నిరుడే కొలువు ఇడిసిపెట్టి, ఎగ్జిట్ కొట్టించుకొని ఇంటికి పోయిండు. నా చేతిల అంగి చేతిలనే ఉండిపోయింది.

మీకు ఆయన సంగతి చెప్పాలె. మా ఊర్ల పోచమ్మ పూనేది కాక మీదనే. బోనాలనాడు డప్పు మోగితే సాలు, ఒళ్లు ఊగుతది, తల్లి మాట ఆయన నోట్లకెల్లి వస్తది. ఊరంత చేతులు కట్టుకొని వింటది. అసొంటి మనిషి ఈడ ఉల్లిగడ్డలు కోసుకుంట, అకామా కార్డు, అంటే ఈడ ఉండనిచ్చే కాయిదం, రెన్యూవల్ అయిందారా అని మమ్ముల సతాయించుకుంట బతికిండు. రూముల డప్పు పాటలు మాత్రం బంద్.

"ఈడ తల్లి వస్తే సాక పోసి సల్లవరిసెటోడెవడురా? కేకేస్తే కంపెనీవోడు పిచ్చి లేసిందని ఇంటికి తోలుతడు" అనేటోడు.

ఓసారి బోనాలు సూపిస్తనని చిన్నమ్మ, అంటే కాక భార్య, వీడియో కాల్ చేసింది. గంత దూరముంటే ఏం గాదనుకున్నదట. డప్పు షురూ అయింది. కాక చేతిల రొట్టెపిండి కింద వడ్డది. పండ్లు గిట్టకరిసినయ్, మెడ ఊగుడు మొదలైంది. మా రూముల ఉండే కడప భాయ్, కంపెనీ బస్సు డ్రైవరు, ఒక్క దూకు దూకి తలుపేసిండు. పూనకం దిగాలని ఫ్రిజ్జుల నిమ్మకాయ తీసి కాక నోట్ల పెట్టిండు.

"కొరుకు కాకా, గట్టిగా కొరుకు! మీ యమ్మకు నేను చెప్పుకుంటాలే!"

కాక నిమ్మకాయ కొరికిండు. కండ్లల్ల నీళ్లు కారంగ "ఇప్పుడొద్దు తల్లీ, ఇంటికొచ్చినంక రా" అని మొక్కిండు. నిమ్మలమైంది. అప్పటిసంది ఫ్రిజ్జుల కాక నిమ్మకాయ ఒకటి ఉండాల్సిందే. పప్పుల పిండుకుంటనంటే భాయ్ నా చెయ్యి ఇరగ్గొట్టేటోడు.

కాకకు మాత్రం ఒకటే రంది పట్టుకున్నది. "వద్దు వద్దంటే తల్లి అలిగిందేమోరా. ఈడ నేను పైపులోన్ని. ఇంటికి పోయినంక తల్లి రాకుంటే ఆడ గూడ పైపులోన్నే."

పోయిన బోనాలకు ఊరికెల్లి ఫోన్ చేసిండు. గొంతు బొంగురు పోయింది. "వచ్చిందిరా! వచ్చింది!" అని చిన్నపోరని లెక్క ఏడ్సిండు. పూనినప్పుడు ఏమన్నదో ఆయనకు యాదికుండది. చిన్నమ్మ ఫోన్ గుంజుకొని చెప్పింది:

"ఊరోళ్లంత వానల సంగతి అడుగుతుంటే తల్లి ముందుగాల ఏమన్నదో ఎర్కనా? 'నాకు నిమ్మకాయ పెట్టిన కొడుకు మంచిగున్నడా' అన్నది. ఆ కొడుకెవడో ఎవ్వలకు సమజ్ గాలేదు బిడ్డా."

మాకు సమజైంది. భాయ్ మొకం అటు తిప్పుకున్నడు.

ఆ శుక్రవారం పగటీలి కాకను వీడియో కాల్ల సూసినం. వాకిట్ల పూల కింద పండవెట్టిండ్రు. మా దిక్కు సావుకు గూడ డప్పే. షురూ చేసిండ్రు. నేను ఆయన మెడ దిక్కే సూస్తున్న. డప్పులోళ్లు దగ్గర దగ్గరికొచ్చి కొట్టిండ్రు. కాక కదల్లేదు.

నా ఎన్క ఫ్రిజ్జు తలుపు సప్పుడైంది. తిరిగి సూస్తే భాయ్, చేతిల నిమ్మకాయ పట్టుకొని నిలబడ్డడు.