ఏ రేవూ రానివ్వని ఓడలో మా మావయ్య

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం బడి నుంచి ఇంటికొస్తుంటే మా వీధి మలుపులో టీకొట్టు బెంగాలీ దాదా నన్ను ఆపి, "దిది, మీ మామీ ఇంటికి పోర్టు నుంచి మనిషొచ్చాడు" అన్నాడు. మామీ అంటే మా అత్త. ఓడరేవు పక్కనున్న ఈ ఏక్‌బాల్‌పూర్‌లో మా తెలుగువాళ్ళ ఇళ్ళకి పోర్టు మనుషులు ఊరికే రారు. నేను వెళ్ళేసరికి ఆ వచ్చినాయన గుమ్మం బయటే నిలబడి ఉన్నాడు. లోపల మా అత్త ఆయన కోసం కుర్చీ తుడుస్తోంది. తుడిచిందే మళ్ళీ తుడుస్తోంది. ఆయన కూర్చోలేదు. చెప్పాల్సింది బెంగాలీలో చెప్పేశాడు. అత్తకి బెంగాలీ బాగా వచ్చు, అయినా నావైపే చూసింది. నేను తెలుగులో చెబితే అది వేరే వార్త అవుతుందని ఆశపడినట్టు.

మా మావయ్య, అంటే మా అమ్మ తమ్ముడు, సాగర్ ద్వీపం అవతల లంగరేసి ఉన్న బొగ్గు ఓడలో ఆ పొద్దున చనిపోయాడు.

మావయ్య ఓడలో సారంగు. డెక్కు మీద పనిచేసే కళాసీలందరికీ పెద్ద అన్నమాట. మా తాతయ్య శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చి ఇక్కడి ఖిదిర్‌పూర్ రేవులో బొగ్గు మోశాడు. ఆయన దగ్గితే తువ్వాలు నల్లబడేదని అమ్మ చెప్పేది. అది చూసి పెరిగిన మావయ్య, బొగ్గు ముట్టనుగాక ముట్టనని ఓడెక్కాడు. తీరా చూస్తే ఆయన జీవితంలో సగం బొగ్గు మోసే ఓడల్లోనే గడిచింది.

సెలవు మీద ఇంటికొస్తే ఆయనది ఒక వింత అలవాటు. మూసి ఉన్న గది ఏదైనా సరే, తలుపు తీసి చటుక్కున లోపలికి వెళ్ళేవాడు కాదు. తలుపు బార్లా తెరిచి, పక్కకి జరిగి, ఒక బీడీ కాల్చేంతసేపు బయటే నిలబడేవాడు. బియ్యం డబ్బాలుండే కొట్టుగదికీ అంతే, స్నానాలగదికీ అంతే. అత్తకి ఒళ్ళు మండేది.

"ఏటయ్యా, సొంతింట్లో దొంగోడి నాగ నిలబడతావు?" అనేది.

"గాలి ముందెల్లాల. మనిసి ఎనకెల్లాల" అనేవాడు నవ్వుతూ.

మేమూ పడీ పడీ నవ్వేవాళ్ళం. ఒకసారి మాత్రం ఆయన నవ్వకుండా నాతో అన్నాడు: "బొగ్గు నిద్దరోదు కోడలా. మూత పెట్టీసి మనం తొంగున్నా, అది లోన గాలి తింటానే ఉంతాది. గాలంతా తినీసినాక అక్కడికి ఎవుడు దిగినా మరి పైకి రాడు." అప్పుడు నేనది కథలాగా విన్నాను.

నాకు తెలుగు అక్షరాలు నేర్పిందీ ఆయనే. మా వీధిలో నా ఈడువాళ్ళు ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ చదవమంటే తడబడతారు. సెలవుల్లో సుద్దముక్కతో గచ్చు మీద రాసి దిద్దించేవాడు. 'ళ' రాయలేక నేను ఏడిస్తే, "ఏటీ తొందర? సముద్రం ఎక్కడికీ ఎలిపోదు" అనేవాడు. ఈ నాలుగు మాటలు మీరు చదువుతున్నారంటే ఆ సుద్దముక్క చలవే.

ఇక ఆ ఓడ సంగతి. యుద్ధం చేస్తున్న రష్యాలో బొగ్గు నింపుకుని అది మనవైపు బయల్దేరింది. యూరప్ దేశాలు ఆ బొగ్గు కొనడం మానేశాయి. కాబట్టి చౌకగా ఇటు వస్తోంది. మన దేశం కొనుక్కోవడానికి అడ్డేమీ లేదు. ఓడ దారిలో ఉండగా దాని యజమాని కంపెనీ పేరు పశ్చిమ దేశాల ఆంక్షల జాబితాలోకి ఎక్కింది. ఆ కంపెనీతో ఎవరు లావాదేవీ జరిపినా వాళ్ళ పేరూ జాబితాలో చేరుతుందని దాని అర్థం. బొగ్గు కొన్న ఇక్కడి వ్యాపారి తరఫున చెల్లించాల్సిన బ్యాంకు భయపడి చెల్లించనంది. బీమా కంపెనీ బీమా రద్దు చేసింది. ఓడకి తన జెండా అద్దెకిచ్చిన ఒక చిన్న దేశం ఆ జెండాని వెనక్కి తీసుకుంది. బీమా లేని ఓడని, జెండా లేని ఓడని రేవులోకి రానివ్వడానికి వీల్లేదన్నారు పోర్టువాళ్ళు. ఎవరి జాగ్రత్త వాళ్ళు పడ్డారు. ఓడ మాత్రం నది ముఖద్వారంలో, కడుపునిండా బొగ్గుతో నిలబడిపోయింది.

మావయ్య మా ఇంటికి అంత దగ్గరగా ఎప్పుడూ పనిచేయలేదు. అంత దూరంగానూ ఎప్పుడూ లేడు.

ఓడ పైమెట్టు ఎక్కితే ఫోను అందేది. సాయంత్రం పూట చేసేవాడు. మొదట్లో మాటల్లో హాస్యం ఉండేది. "మీ దీపాలు కనపడతన్నాయి, కూరేటి వండినారు?" అనేవాడు. మా దీపాలు కనబడవని ఆయనకీ తెలుసు, మాకూ తెలుసు. తరవాత తరవాత ఆ మాటలు తగ్గాయి. ఒకరోజు డెక్కు మీద చెప్పుల్లేకుండా నడవలేకపోతున్నామన్నాడు. ఎండకి కాబోలు అన్నాను. "మబ్బు పట్టింది కోడలా" అన్నాడు. మరికొన్నాళ్ళకి, బొగ్గు నింపిన అరల్లో మూడో అర మూత దగ్గర కిరసనాయిలు లాంటి వాసన వస్తోందన్నాడు. అక్కడ ఇనుము మీది రంగు బొబ్బలెక్కి ఊడుతోందట. లోపల బొగ్గు తనంతట తాను రాజుకుంటోంది. మూత తీస్తే గాలి తగిలి భగ్గుమంటుంది, తీయకపోతే లోలోపల కాలుతూ విషం వదులుతుంది. కెప్టెనుకీ తెలుసు, ఆ సంగతి అందరికీ తెలుసు. దానికి మందు ఒక్కటే, రేవుకి చేర్చి బొగ్గు దింపడం.

ఆ కెప్టెను రష్యా మనిషి. ఇంజన్లు చూసే ఇంజనీరు ఉక్రెయిన్ మనిషి. వాళ్ళ దేశాల మధ్యే యుద్ధం. ఇంజనీరు ఊరి మీద బాంబులు పడ్డాక ఆయన కెప్టెనుతో మాట్లాడ్డం మానేశాడు. కానీ ఓడలో వాళ్ళిద్దరూ మాట్లాడుకోకపోతే జరగదు. ఉన్న నూనె ఎంతసేపు కాల్చాలి, పంపులు ఎప్పుడు నడపాలి, అన్నీ ఇద్దరూ కలిసి తేల్చుకోవాల్సినవే. అందుకని మావయ్య పైకీ కిందకీ తిరుగుతూ ఒకరి మాట ఇంకొకరికి మోసేవాడు.

"తిట్టుకుంటారా మావయ్యా?" అని అడిగాను.

"తిట్టుకోరా మరి? సగం మాటలు మెట్ల కాడే పారీసి, పనికొచ్చిన సగమే అట్టుకెల్తాను. నూనె మాట సెప్తాను. అమ్మ మాట సెప్పను" అన్నాడు.

కొన్నాళ్ళకి ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టగలిగాడట. మాటల్లేకుండా తింటున్నారని, అయినా ఉప్పు అందించుకున్నారని సంబరంగా చెప్పాడు. ఆ ఓడ నుంచి నేను విన్న చివరి మంచి వార్త అదే.

ఇక్కడ నేనూ అత్తా ఆఫీసుల చుట్టూ తిరిగాం. ఒకచోట ఓడ మాది కాదన్నారు. ఇంకోచోట, ఆ ఓడకి ఇప్పుడు దేశం లేదమ్మా, ఎవరికి రాయమంటారు అన్నారు. మావయ్యని దింపెయ్యమని అడిగితే, కనీసం కొందరైనా లేకుండా ఓడని వదిలేయకూడదనే రూలు చూపించారు. నావికుల బాగోగులు చూసే ఒక సంఘం దయతలచి బియ్యం, నీళ్ళు పంపింది. కానీ పొగలోకి దిగేటప్పుడు వీపుకి కట్టుకునే గాలి సిలిండర్లు ఖాళీ అయ్యాయని మావయ్య చెప్పాడు. అవి నింపించి పంపగలరేమోనని, ఓడలకి సామాను చేరవేసే ఒక దుకాణానికి వెళ్ళాం. యజమాని పెద్దాయన. అత్తని కూర్చోబెట్టి టీ ఇప్పించాడు.

"బౌదీ, ఆ ఓడకి నేను సామాను అమ్మితే రేపు నా బ్యాంకు ఖాతా మూసేస్తారు. నా దగ్గర పాతికమంది బతుకుతున్నారు" అన్నాడు, వదిన వరస కలిపి, చేతులు జోడించి.

అత్త టీ ముట్టలేదు. బయటికొచ్చాక రోడ్డు మధ్యలో ఆగిపోయి, "బియ్యం పంపినారు గదా, గాలి పంపడానికి ఏటొచ్చింది ఈలకి?" అంది. పక్కనుంచి లారీలు పోతున్నాయి.

ఆ వారమే ఢిల్లీలో ఏవో దేశాల మంత్రులు ఆ యుద్ధం గురించి, ఆంక్షల గురించి మాట్లాడుకోవడానికి కలుసుకున్నారు. టీవీలో జెండాల ముందు నిలబడి చేతులు కలిపారు. సాయంత్రం మావయ్య ఫోను చేసి, "ఏటన్నారు?" అని అడిగాడు.

"మాటలు బాగా జరిగాయట మావయ్యా. మళ్ళీ కలుస్తారట."

"ఎప్పుడంట?"

"చెప్పలేదు."

ఫోనులో గాలి హోరెత్తుతోంది. దాని మీంచి అన్నాడు, "మరి ఆ ముక్క ఈ బొగ్గుకి ఎవులు సెప్తారు?"

అదే ఆయన నాతో మాట్లాడిన చివరి మాట.

ఆయన ఎలా పోయాడో కెప్టెనూ ఇంజనీరూ మాకు చెప్పారు. నది ఒడ్డున బడ్జ్ బడ్జ్ ఘాటు దగ్గర, దహనం రోజున. మావయ్యని అంతకు ముందే లాంచీలో ఒడ్డుకి తెచ్చారు. ఏ దేశపు ఓడలో పోయాడో తేలందే మాకు ఇవ్వలేమని ఆస్పత్రివాళ్ళు కొన్నాళ్ళు ఆపారు. చివరికి ఒక డాక్టరమ్మ, "నది మనదే కదా, అది చాలు" అని సంతకం పెట్టింది. కెప్టెనుకీ ఇంజనీరుకీ ఒక పూట ఒడ్డుకి రావడానికి పోర్టువాళ్ళు అనుమతిచ్చారు. చితి ఎదురుగా వాళ్ళిద్దరూ పక్కపక్కనే నిలబడ్డారు. తర్వాత వచ్చీ రాని ఇంగ్లీషులో, ఒకరు ఆగిన చోట ఇంకొకరు అందుకుంటూ చెప్పారు.

బొగ్గు అర పక్కనున్న సన్నటి నిచ్చెన బావిలో ఒక నీటి గొట్టం పూడుకుపోయింది. అది బాగు చెయ్యకపోతే ఓడ ఒక పక్కకి ఒరుగుతుంది. మూత తెరిచి కాసేపు ఆగమని మావయ్య అన్నాడు. ఇంజనీరు ఆగలేదు. జనరేటరు నూనె అయిపోతుందన్న కంగారు ఆయనది. సగం మెట్లు దిగి, చప్పుడు లేకుండా జారి కిందపడ్డాడు. కెప్టెను పరుగెత్తుకొచ్చేసరికి మావయ్య నడుముకి తాడు కట్టుకుని, మూతికి తడి తువ్వాలు చుట్టుకుంటున్నాడు. కెప్టెను ఆయన భుజం పట్టుకుని వద్దన్నాడు. మావయ్య విదిలించుకుని, తాడు కొస ఆయన చేతిలో పెట్టి దిగిపోయాడు. కింద తన నడుము తాడు విప్పి ఇంజనీరుకి కట్టి, గట్టిగా గుంజి సైగ చేశాడు. కెప్టెను, వంటవాడు కలిసి లాగారు. ఇంజనీరు పైకొచ్చాడు, ఊపిరితో. తాడు మళ్ళీ కిందికి వదిలారు. అది ఎవరూ పట్టుకోలేదు.

కెప్టెను తన రెండు అరచేతులూ చూపించాడు. తాడు ఒరుసుకుని తోలు లేచిపోయి ఉన్నాయి.

"దిగేముందు నాతో ఒక మాట అన్నాడు. ఇంగ్లీషు కాదు. పట్టుకో, పట్టుకో అని. ఏమిటి దాని అర్థం?" అని నన్నడిగాడు.

చెప్పాను.

ఆయన తల ఊపాడు. "పట్టుకున్నాను" అన్నాడు. పక్కనున్న ఇంజనీరు మొహం తిప్పుకుని నది వైపు చూస్తూ ఉండిపోయాడు.

మావయ్య మంచివాడని, ధైర్యవంతుడని చెప్పడం నాకు తేలిక. కానీ ఆయన భయపడేవాడు. ప్రతి మూసిన తలుపు దగ్గరా భయపడి ఆగినవాడు. ఆ ఒక్క పొద్దుటా ఆగలేదు. అది తలుచుకుంటే నాకు గర్వం కంటే ముందు కోపమొస్తుంది, ఎవరి మీదో కూడా తెలియని కోపం.

చితి చల్లారాక పోర్టు లాంచీ ఈల వేసింది. వాళ్ళిద్దరూ తిరిగి ఓడకి వెళ్ళాలి. అత్త వాళ్ళకి ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"ఆ బొగ్గు ఇంకా కాల్తందా అడుగు" అంది నాతో.

అడిగాను. కెప్టెను ఇంజనీరు వైపు చూశాడు. ఇంజనీరు నా మొహంలోకి చూడకుండా చెప్పాడు. మూడో అర ఇంకా వేడెక్కిందట. నిన్నటి నుంచి రెండో అర కూడా వెచ్చబడిందట.

అత్తకి చెప్పాను. ఆమె వాళ్ళిద్దరినీ ఒకరి తరవాత ఒకరిని చూసింది.

"మరి ఈలెక్కడికెల్తన్నారు?"

అది నేను వాళ్ళకి చెప్పలేదు. వాళ్ళు అత్తకి తలవంచి నమస్కరించి, బురదమెట్లు దిగి లాంచీ ఎక్కారు. ఒకే బల్ల మీద, నది దిగువకి, ఓడ ఉన్న వైపు చూస్తూ కూర్చున్నారు. ఆటు మొదలైంది. నీళ్ళన్నీ సముద్రం వైపు లాగేస్తున్నాయి. ఇంజను ఆపేసినా లాంచీ అటే కొట్టుకుపోయేటట్టుంది.