అసలు కల్లు పోసిన వారం

అది 2011. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. రైళ్ళు, బస్సులు ఆగిపోయి, నేను వరంగల్ జిల్లా నెల్లికుదురులో చిక్కుబడ్డాను. నా వృత్తి న్యూరోఫార్మకాలజీ. మందులు మెదడులోని రసాయనాలను ఎలా మారుస్తాయో, దాంతో నడత ఎలా మారుతుందో చూడటం నా పని. జనగామలో మా అమ్మ మాత్రం “మావోడు ఎలుకల డాక్టర్” అని చెప్పుకునేది. ప్రయోగాలు ఎలుకల మీదే కనుక అదీ నిజమే. నా వైద్యం మీద ఏ ఎలుకా ఫిర్యాదు చేయలేదు.

మానసిక ఆందోళన, నిద్రలేమి మీద ఆ చుట్టుపక్కల ఊళ్ళలో సర్వే చేస్తున్నాను. అందులో ఒక కంట్రోల్ గ్రూప్ ఉండేది. అంటే, పోల్చి చూడటానికి ఏ మత్తు అలవాటూ లేని మనుషులు. పత్తి ఏరే కొమురవ్వ అందులో ఉంది. “మద్యం అలవాటు ఉందా?” అంటే లేదంది. నేను ముచ్చటగా టిక్కు పెట్టాను.

నెల తిరక్కముందే ఓ ఉదయం దవాఖానలోని డ్యూటీ డాక్టర్ కబురు పెట్టాడు. వెళ్ళేసరికి మంచం మీద కొమురవ్వ. చేతులు వణుకుతున్నాయి. దుప్పటి మీద లేని చీమలను ఏరుతోంది. అప్పటికే రెండుసార్లు ఫిట్స్ వచ్చాయట.

“మలేరియా మెదడుకెక్కిందేమో. వరంగల్ పంపాలె, కానీ దారిల మళ్ళ ఫిట్స్ వస్తే దక్కదు” అన్నాడు డాక్టర్.

రోజూ వాడే మత్తు మందు హఠాత్తుగా ఆగినా ఇలాగే అవుతుంది. నేను కొమురవ్వ కూతురు రజితను అడిగాను. “మీ అమ్మ రోజూ వేసుకునే గోలీ ఏమన్నా ఆపిందా?”

“గోలీలు లేవు సారు. ఏం ఆపలే. నిన్న గూడ ఎప్పటిలెక్కనే రెండు సీసాల కల్లు తాగింది.”

“కల్లా? అలవాటు లేదని రాయించింది కదా!”

“కల్లు గూడ అలవాటేనా సారు? పొద్దుగూకితె అందరు తాగుతరు. గట్లయితె అన్నం గూడ రాస్కో.”

కొమురవ్వ ఆ రోజు సూటిగానే చెప్పింది. తప్పు నా ఫారానిది. కానీ కల్లు ఆపకపోతే ఈ వణుకెందుకు? ఆమెను ట్రాక్టర్ మీద తెచ్చింది కల్లు దుకాణం మల్లేశమే. గుమ్మంలో తువ్వాలు పిండుతూ నిలబడ్డాడు.

“మల్లేశం, కల్లులో ఏం కలుపుతావు?”

“ఏం కలపలే సారు! ఒట్టు! ఈ నాలుగు రోజులైతె చెట్టు మీంచి దింపిన అసలు కల్లే పోసిన.”

“ఈ నాలుగు రోజులా? అంతకు ముందు?”

అతను నేల చూశాడు. “లారీలు బందున్నయి గదా. పొడి రాలే.”

ఆ పొడి అల్ప్రాజోలం లాంటి మత్తు మందే అయ్యుండాలి. మెదడులో గాబా అనే రసాయనం బ్రేకులా పనిచేస్తుంది. గాబరాను తగ్గించేది గాబానే అని నేను పాఠాల్లో నవ్వించేవాణ్ణి. ఆ మందు బయటి నుంచి ఏళ్ళ తరబడి బ్రేకు నొక్కితే, మెదడు తన బ్రేకును సడలించుకుంటుంది. మందు హఠాత్తుగా ఆగితే పగ్గాలుండవు. కల్తీ తాగిన ఏళ్ళన్నీ నిలబడ్డ మనిషి, అసలు కల్లు తాగి చావుకు దగ్గరైంది!

డాక్టర్ అదే జాతి మందు డయజెపాం సూదిని నరంలోకి మెల్లగా ఎక్కించాడు. చూస్తుండగానే వణుకు తగ్గింది. కొమురవ్వ చీమలను వదిలేసి కూతురి చెయ్యి పట్టుకుంది.

మల్లేశం దగ్గర కల్లు తాగేవాళ్ళ పేర్లన్నీ రాయించుకున్నాం. వాటిలో నా కంట్రోల్ గ్రూప్ దాదాపు మొత్తం ఉంది. దవాఖాన నర్సుతో కలిసి ఆ ఇళ్ళన్నీ తిరిగాను. వణుకుతున్నవాళ్ళు ఇంకా దొరికారు.

మూడో రోజు కొమురవ్వ లేచి కూర్చుంది. మాత్ర కొద్దికొద్దిగా తగ్గిస్తూ ఎలా మానాలో చెబుతుంటే మధ్యలో ఆపింది.

“ఓ సారూ, వాడు కల్లుల పోసిండు, మీరు సూదిల పోసిన్రు. రెండు ఒక్క తీరు మందే అంటివి. మీకూ వానికీ ఏంది ఫరక్?”

“మేం చెప్పి ఇస్తున్నాం అవ్వా. వాడు చెప్పలేదు.”

“మరి మొదలు నువ్వెందుకు అడగలే?”

నేను నా ఫారం తీసి, అందులో ‘అలవాటు’ అన్న మాట కొట్టేశాను. ఆ తర్వాత ఏ ఊళ్ళోనూ “అలవాటు ఉందా?” అని అడగలేదు. “పొద్దుగూకితే ఏం చేస్తరవ్వా?” అని అడిగి, వాళ్ళు చెప్పినంతసేపూ కూర్చున్నాను.